ఆఫీసుకీ ఇంటికీ మధ్య 25 నిమిషాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బ్యాంకు ఉద్యోగం, రోజూ విజయవాడ నుంచి ఏలూరుకి సీజన్ టికెట్ మీద ప్రయాణం, ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఏడు దాటుతుంది. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే ఏదో ఒక మాట మీద పిల్లల్ని కసురుకుంటారు. పడుకున్నాక అదే గుర్తొచ్చి నిద్ర పట్టదు. వ్యాయామం చేస్తే టెన్షన్ తగ్గుతుందని అందరూ అంటుంటే మూడుసార్లు జిమ్‌లో చేరారు, మూడుసార్లూ నెల తిరక్కుండా మానేశారు. "నాకు పట్టుదల లేదేమో, నిజంగా తగ్గుతుందా, తగ్గితే నాలాంటిదానికి కుదిరే దారి ఉందా" అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. విజయవాడలోనే 22 ఏళ్లుగా చేస్తున్నాను. తగ్గుతుందమ్మా. మీకు కుదిరే దారీ ఉంది. రోజూ ఉదయం అయిదున్నరకి లేచి వంట చేసి, రెండు క్యారేజీలు కట్టి, రైలు అందుకునే మనిషికి పట్టుదల లేదని నేను ఒప్పుకోను. మీరు జిమ్‌కి పెట్టుకున్న వేళ మీ జీవితానికి సరిపోలేదు, అంతే. అక్కడ చేయించేది బరువు తగ్గడానికి. టెన్షన్ తగ్గాలంటే చేసే పని వేరు, చేసే వేళ కూడా వేరు.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఏదో టార్గెట్ అందలేదని నాలుగు మాటలు పడ్డాయి. ఎదురుగా పులి లేదు, కానీ ఒంటికి ఆ తేడా తెలియదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్‌ని, ఆ తర్వాత కొన్ని నిమిషాలకి కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం దాచుకున్న చక్కెరని బయటికి తీస్తుంది. అరుగుదల పని పక్కకి పెట్టి, రక్తం కాళ్లూ చేతుల్లోని పెద్ద కండరాలకి మళ్లుతుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీన్ని వివరించి, పోరాటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవడం అన్నాడు. అంటే ఆ ఏర్పాటు మొత్తం కదలడం కోసం. మీరేమో ఆ ఫోన్ పెట్టేసి, కౌంటర్ దగ్గరున్న పెద్దాయన పాస్‌బుక్ తీసుకుని, నవ్వుతూ కుర్చీలోనే కూర్చున్నారు. పరుగెత్తడానికి వచ్చిన సరుకు పరుగెత్తకుండా ఒంట్లోనే ఉండిపోయింది. ఇలా రోజుకి ఎనిమిదిసార్లో పదిసార్లో. ఆ తర్వాత రైల్లో గంటసేపు మళ్లీ కూర్చోవడం. అలా ఇంటికొచ్చేసరికి, చెప్పు విడిచేలోపు పిల్లవాడు "అమ్మా, హోమ్‌వర్క్ బుక్ పోయింది" అంటే అరుపు రాక ఏం చేస్తుంది?

మా క్లినిక్‌కి భుజం పట్టేసిందని వచ్చేవాళ్లలో ఎక్స్‌రేలో ఏమీ కనపడనివాళ్లు చాలామంది. మొన్నామధ్య వచ్చినామె క్యాష్ కౌంటర్‌లో చేస్తుంది. స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, మెడ దిగువనుంచి భుజం కొస దాకా వచ్చే కండరం మీద బొటనవేలు పెట్టాను. తడిసి ఆరిన నులక తాడులా ఉంది. "భుజాలు కిందికి వదలండమ్మా" అన్నాను. "వదిలే ఉన్నాయండీ" అంది. అద్దంలో చూపిస్తే గానీ అవి చెవుల దాకా ఎగబాకి ఉన్నాయని తనకి తెలియలేదు. కరెంటు పెట్టలేదు, వేడి కాపడం పెట్టలేదు. వరండాలో పది నిమిషాలు చేతులు బాగా ఊపుతూ వేగంగా నడవమన్నాను. మళ్లీ అదే స్టూలు మీద కూర్చోబెట్టి చూస్తే భుజాలు రెండు వేళ్ల వెడల్పు కిందికి దిగాయి. దవడ కూడా వదులైంది, మాట నెమ్మదించింది. నొప్పి పూర్తిగా పోలేదు, దానికి ఇంకో మూడు వారాలు పట్టింది. కానీ ఆ పది నిమిషాల తేడా తన చేత్తో తనే తడిమి చూసుకుంది. టెన్షన్ మనసులోనే ఉంటుందనుకుంటాం. అందులో సగం కండరాల్లో ఉంటుంది, కండరం కదిలితేనే వదులుతుంది.

ఇక వేళ సంగతి. మీకు నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే.

ఒక్కసారి నడిచినా, అంటే 20, 30 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కేలా నడిచినా, ఆ తర్వాత కొన్ని గంటలపాటు ఆందోళన తగ్గి ఉంటుంది. ఇది నెలల తర్వాత వచ్చే ఫలితం కాదు, ఆ పూటకి ఆ పూటే వస్తుంది. మీరు తెల్లవారుజామున జిమ్‌కి వెళ్లి తెచ్చుకున్న ప్రశాంతత మధ్యాహ్నం భోజనాల వేళకే ఖర్చయిపోయేది. మీకది కావలసింది సాయంత్రం ఏడు నుంచి పది మధ్య, పిల్లల దగ్గర. అందుకే మీ వ్యాయామం రైలు దిగిన తర్వాత, ఇంటి గుమ్మం ఎక్కేముందు ఉండాలి. ఇల్లు సత్యనారాయణపురం అన్నారు. స్టేషన్‌లో ఆటో ఎక్కకండి. గాంధీనగర్ మీదుగా నడిచి రండి. ట్రాఫిక్ ఉంటుంది, కానీ దీపాలూ జనమూ కూడా ఉంటాయి, ఆ వేళప్పుడు ఆడవాళ్లు ఒంటరిగా నడవడానికి అదే మంచిది. ఒకప్పుడు రైలు పట్టాలుండే చోట వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు దాకా వస్తే అక్కడ సాయంత్రాలు నడిచేవాళ్లు మీకు బోలెడుమంది తోడుంటారు. అంతా కలిపి సుమారు 25 నిమిషాలు.

వారానికి ఆరు రోజులు అలా నడిస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకి వారానికి కనీసం కావాలన్నది సరిగ్గా అంతే: మధ్యస్థంగా ఒళ్లు కదిలే పని 150 నుంచి 300 నిమిషాలు. దానికోసం మీరు కొత్తగా గంట వెతుక్కోనక్కర్లేదు. ఆటోలో పోయే పది నిమిషాలకి ఇంకో పదిహేను కలుపుతున్నారు.

ఎలా నడవాలో చెబుతాను. మొదటి అయిదు నిమిషాలు మామూలుగా, సంచీ సర్దుకుంటూ. తర్వాత పదిహేను నిమిషాలు వేగంగా. ఎంత వేగం అంటే, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వాచీలూ పట్టీలూ ఏమీ అక్కర్లేదు, ఈ లెక్క చాలు. చివరి అయిదు నిమిషాలు వేగం తగ్గించి, నాలుగు అడుగులు గాలి పీలుస్తూ, ఆరు అడుగులు వదులుతూ రండి. గాలి వదలడం పీల్చడం కంటే పొడుగ్గా ఉంటే గుండె వేగం త్వరగా నెమ్మదిస్తుంది. ఈ చివరి అయిదు నిమిషాలు మాత్రం ఎగ్గొట్టకండి. ఎగశ్వాసతో ఇంట్లోకి వెళితే మళ్లీ కసురుకోవడమే అవుతుంది.

సంచీ ఒకే భుజానికి తగిలించుకుంటున్నారా? రెండు భుజాలకీ వేసుకునేది కొనుక్కోండి, చేతులు ఖాళీగా ఊగాలి. చెప్పులతో నడవకండి, పది రోజుల్లో మడమ నొప్పి వచ్చి ఆగిపోతారు. ప్రతి వేసవి సెలవుల తర్వాతా అలాంటివాళ్లు నా దగ్గరికి వరుసగా వస్తారు. చీర మీదకి బూట్లేమిటని మొహమాటపడొద్దు. ఉదయం పూట మా కాలనీలో అరవై దాటినవాళ్లు కూడా చీర కాస్త పైకి దోపి బూట్లతో నడుస్తారు, ఎవరూ వింతగా చూడరు. ఫోను సంచీలో వేసేయండి. నడుస్తూ ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూస్తే మీరింకా ఏలూరులోనే ఉన్నట్టు.

మీరు చేరిన జిమ్‌లో ఉదయం అయిదింటికే గంటసేపు ఒళ్లు హూనం చేయించేవారని రాశారు. ఆ కోచ్ చెడ్డవాడని అనను. కానీ తీవ్రమైన వ్యాయామం తనంతట తనే కార్టిసాల్‌ని పెంచుతుంది. నిద్ర చాలినవాళ్లకి, తిండి సరిగ్గా ఉన్నవాళ్లకి అది మంచిదే, ఒళ్లు తేరుకుని గట్టిపడుతుంది. అయిదు గంటల నిద్రతో రోజంతా నలిగే మనిషికి అది ఇంకో బరువు. మీరు మానేసింది బద్ధకంతో కాదు, మీ ఒళ్లే వద్దంది. మీకిప్పుడు మధ్యస్థమైనది చాలు.

ఇంకోటి, లెక్కలు పెట్టుకోకండి. ముఖ్యంగా రోజుకి పదివేల అడుగులనే లెక్క. అది డాక్టర్లు తేల్చిన సంఖ్య అనుకుంటారు అందరూ. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి తెచ్చింది. దాని పేరే 'మాన్‌పో-కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. అలా ప్రచారంలోకి వచ్చిన సంఖ్య అది. అంతకంటే తక్కువ నడిచినా ఫలితం ఉంటుంది. మీకు బ్యాంకులో టార్గెట్లు చాలు, ఈ 25 నిమిషాల్లో ఇంకో టార్గెట్ వద్దు. బరువు తూచుకోవడం కూడా మూడు నెలలు ఆపండి. కాటా మీద ముల్లు కదలకపోతే "ఇంత చేసినా ఏం లాభం" అనిపించి మానేస్తారు, ఇంతకుముందు అదే జరిగింది కదా. అంతకంటే క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రెండే గుర్తులు పెట్టండి: నడిచారా, రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది. మూడు, నాలుగు వారాలకి ఆ రెండో వరుసలో తేడా మీకే కనిపిస్తుంది. ఉదయం లేచీ లేవగానే మణికట్టు దగ్గర నాడి చూసుకుని నిమిషానికి ఎంతో రాసుకుంటే ఇంకా మంచిది. క్రమంగా నడిచేవాళ్లలో రెండు, మూడు నెలలకి అది మెల్లగా దిగుతుంది.

వ్యాయామం తర్వాత హాయిగా ఉండడానికి, ఒంట్లోనే తయారై నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు కారణమని ఎక్కడ చూసినా రాస్తారు. అవి విడుదలవుతాయి నిజమే, కానీ రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి అంత సులువుగా దూరలేవు. ఆ హాయికి ఇంకో పదార్థం కూడా కారణమని ఇప్పుడు పరిశోధకులు గట్టిగా అనుకుంటున్నారు. 1992లో జెరూసలేంలో రఫేల్ మెషులాం ప్రయోగశాలలో దాన్ని కనిపెట్టి, మన 'ఆనందం' అనే మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మన ఒంట్లోనే తయారవుతుంది, ఒక మాదిరి వేగంతో కదిలినప్పుడు పెరుగుతుంది. నాకీ సంగతి ఇష్టం కాబట్టి రాశాను, మీ నడకకి దీనితో పనిలేదు.

"ఇంటి పనంతా నేనే చేస్తాను, అది వ్యాయామం కాదా" అని కూడా అడిగారు. ఒంటికి కొంత వరకూ అవును. గుండెకీ కీళ్లకీ ఆ కదలిక మంచే చేస్తుంది. కానీ గిన్నెలు తోముతున్నంతసేపూ రేపటి కూర గురించి, అత్తయ్యగారి మందుల గురించి, పాప ఫీజు గురించి మనసు లెక్కలు వేస్తూనే ఉంటుంది. చెయ్యక తప్పనిదిగా చేసే పనికీ, మన కోసం మనం చేసుకునే దానికీ మనసు మీద ఫలితం ఒక్కటి కాదు. అందుకే ఇంట్లో ముందే మాట్లాడండి. మీ ఆయనతో, అత్తయ్యగారితో స్పష్టంగా చెప్పండి: ఇకనుంచి ఏడుంపావుకి కాదు, ఏడున్నరకి వస్తాను, ఆలోపు అన్నం కుక్కర్ మీరు పెట్టండి అని. సంజాయిషీలా కాకుండా, రైలు టైము మారిందని చెప్పినంత మామూలుగా చెప్పండి. నా దగ్గరికొచ్చిన ఆడవాళ్లలో నడక మానేసినవాళ్లని కారణం అడిగితే మోకాళ్ల నొప్పి అన్నవాళ్ల కంటే "ఇంట్లో ఏదోలా అనుకున్నారండీ" అన్నవాళ్లే ఎక్కువ. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు బాధగానే ఉంది.

నా అనుభవం కూడా ఒకటి చెప్పాలి. 2011లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చి 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పగలు క్లినిక్, రాత్రి ఆయన మంచం పక్కన. పక్షవాతం వచ్చినవాళ్లకి చెయ్యి కదిలించడం నేర్పేదే నా వృత్తి, అయినా మా నాన్న చెయ్యి పట్టుకుంటే నా చెయ్యి వణికేది. తెల్లారి ఇంటికొచ్చి నా కొడుకుని స్కూలుకి తయారు చేస్తూ ప్రతి రోజూ ఏదో ఒకటి అనేదాన్ని. వాడికప్పుడు ఎనిమిదేళ్లు. ఒక రాత్రి ఊరికే కూర్చోలేక ఆసుపత్రి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. నాలుగు అంతస్తులు ఎక్కి, నెమ్మదిగా దిగి, మళ్లీ ఎక్కాను. ఏడుపు కూడా ఆ మెట్ల మీదే వచ్చింది, ఎవరూ చూడలేదు. ఆ తర్వాత రోజూ ఇంటికి బయల్దేరేముందు మూడుసార్లు ఎక్కి దిగేదాన్ని. నాన్నగారి పరిస్థితి దానివల్ల మారలేదు, నా భయమూ పోలేదు. కానీ ఓ వారం తర్వాత వాడికి బూటు లేసు కడుతుంటే "ఇవాళ కూడా మెట్లెక్కావా అమ్మా?" అని అడిగాడు. నా గొంతులో తేడా వాడికి తెలిసింది. మీ ప్రశ్నలో పిల్లల మాట చదవగానే నాకు ఆ లేసే కళ్ల ముందు కనిపించింది.

నడక ఒక నెల కుదురుకున్నాక వారానికి రెండు రోజులు కండరాలకి పని పెట్టండి. ఇంట్లోనే, పది నిమిషాలు. కుర్చీ మీద నుంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. గోడకి అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, మోచేతులు వంచుతూ తోయడం పదిసార్లు. మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడి దిగడం పదిహేనుసార్లు. ఇదంతా రెండు విడతలు. పాత తాలింఖానాల్లో బస్కీలూ దండీలూ తీయించేది ఈ కండరాల కోసమే, వాటి మెత్తని రూపాలే ఇవి. సూర్య నమస్కారాలు వచ్చని రాశారు కదా, ఆదివారాలు నాలుగైదు చేసుకోండి.

మన బెజవాడ ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా సాయంత్రం ఏడింటికి కూడా రోడ్డు సెగ కొడుతుంది, చెమట ఆరదు. ఆ రోజుల్లో వేగం తగ్గించండి, రైల్లోనే అరలీటరు నీళ్లు తాగి దిగండి, తల తిరిగినట్టుంటే ఆటో ఎక్కేయండి. వాన రోజు స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు మూడు సార్లు నడవండి. మార్చి నెలాఖరున బ్యాంకు లెక్కలు ముగించి రాత్రి పదింటికి దిగినప్పుడు మాత్రం నడక వద్దు, క్షేమంగా ఇంటికి చేరండి. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ వదిలి మెట్లెక్కి, తలుపు బయట రెండు నిమిషాలు నిలబడి పొడుగ్గా గాలి వదిలి లోపలికి వెళ్లండి. అది కూడా క్యాలెండర్‌లో రాసుకోదగ్గదే.

మొదలుపెట్టే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్. బీపీ కూడా చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గుండె దడ, ఆయాసం, చిన్నదానికే విసుగు, ఇవన్నీ టెన్షన్ అనుకుంటాం. రక్తం తక్కువైనా ఇవే ఉంటాయి, థైరాయిడ్ తేడా చేసినా ఇవే. అది సరిచేయకుండా నడిస్తే నీరసం తప్ప ఏమీ మిగలదు. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, కళ్లు చీకట్లు కమ్మడం ఉంటే అక్కడితో ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వ్యాయామం హద్దు కూడా చెప్పాలి. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం డిప్రెషన్ ఉన్న 156 మందిని, అందరూ 50 ఏళ్లు దాటినవాళ్లే, మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకి వ్యాయామం, ఒక గుంపుకి మందు, ఒక గుంపుకి రెండూ. 16 వారాలకి మూడు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇది చూపించి మందులు మానేయమని చెప్పేవాళ్లున్నారు, వినకండి. అందులో వ్యాయామం చేసినవాళ్లు నిపుణుల కనుసన్నల్లో, వారానికి మూడు రోజులు, పదిమందితో కలిసి చేశారు. మీరు రాసినదాన్ని బట్టి మీది రోజువారీ ఒత్తిడిలాగే ఉంది. ఒకవేళ రెండు వారాలు దాటి రోజూ ఏడుపు వస్తున్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా, నడకతో సరిపెట్టుకోవద్దు. మానసిక వైద్యుల్ని కలవండి. మానసిక ఇబ్బందుల్లో ఫోన్‌లో సాయం చేయడానికి ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పని చోట తిట్లూ అన్యాయమైన టార్గెట్లూ కూడా నడకతో పోవు. అవి వేరేగా తేల్చుకోవలసినవి. నడిచి వచ్చిన రోజు వాటి గురించి కాస్త కుదురుగా ఆలోచించగలుగుతారు, అంతవరకే నేను మాటివ్వగలను.

చివర్లో మీ అబ్బాయి "నేనూ వస్తా" అంటున్నాడని, తీసుకెళ్లవచ్చా అని అడిగారు. వారం మధ్యలో వద్దు, ఆ 25 నిమిషాలు మీకొక్కరికే ఉండాలి. ఆదివారం తెల్లవారుజామున మాత్రం వాడిని ప్రకాశం బ్యారేజీ మీదకి తీసుకెళ్లండి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కిలోమీటరుంపావు లోపే. పోయి వచ్చేసరికి వాడికి ఆకలేస్తుంది, మీకు చెమట పడుతుంది. దారిలో హోమ్‌వర్క్ బుక్ గురించి మాత్రం అడగకండి.